కొత్త రికార్డుకు పెట్టిన బొట్టు

నా చేతుల మీదుగా ఒక్క పూటలో మూడు రికార్డులు నాశనమయ్యాయి. ఎలాగో చెబుతాను, విన్నాక మీరే తీర్పు చెప్పండి. తప్పు నాది కూడా అంటే ఒప్పుకుంటాను. మొత్తం నాదే అంటే మాత్రం ఒప్పుకోను. అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి మూర్తి సారు చెప్పిన కథే కాలనీ అంతా తిరిగింది. ఇప్పుడు నాకూ రాయడం వచ్చింది. నా వైపు సంగతి కూడా కాగితం ఎక్కాలి కదా!

తెలంగాణ కోసం వారానికి రెండు బందులు జరుగుతున్న రోజులవి. ఎల్బీ నగర్ వెనక కాలనీలో మూర్తి సారు ఇంట్లో నేను వంట చేసేదాన్ని. సారుది గుంటూరు వైపు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మందు లేదు, సిగరెట్టు లేదు, ఉన్నదల్లా రికార్డుల పిచ్చి. పళ్ళెమంత నల్లటి రికార్డులు, అన్నీ ఇంగ్లీషువే. జాజ్ అంట, ఫంక్ అంట! జాజ్‌లో ఒకాయన బాకా ఊదుతుంటాడు. ఆ పాట దారి తప్పిన పెళ్ళిబస్సులా ఎటో వెళ్ళిపోయి, మనం ఆశ వదులుకున్నాక ఇంటికొస్తుంది. ఫంక్ అంటే రోట్లో కారం దంచినట్టే. అది మోగుతుంటే నా చేతిలో పప్పుగుత్తి దానంతటదే తాళం వేసేది, అబద్ధమెందుకు! ఇక ఒకామె పాడేది. ఆ గొంతు వింటే ఉల్లిపాయ కోయకుండానే కళ్ళు చెమర్చేవి.

ఆమె రికార్డును మా సారు, జంగయ్య సారు హాస్టల్లో చదువుకునే రోజుల్లో చెరిసగం వేసుకుని కొన్నారు. జంగయ్య సారుది అబ్దుల్లాపూర్‌మెట్ పక్క ఊరు, ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. ప్రతి ఆదివారం వచ్చి, నా పెసరట్లు తిని, రికార్డులు విని వెళ్ళేవారు. ఒక ఆదివారం కొత్త జాజ్ రికార్డు తిరుగుతుండగా రాష్ట్రం మాట వచ్చింది.

"మీకు రాష్ట్రం ఇస్తే నడుపుకోగలరా?" అన్నారు మా సారు.

"నలబై ఏండ్ల సంది నిన్ను భరిస్తున్న, నాకు రాష్ట్రమొక లెక్కనా?" అని జంగయ్య సారు చెప్పులేసుకున్నారు.

అంతే. ఎనిమిది నెలలు ఇటు తొంగి చూడలేదు. మా సారు ఆదివారం వస్తే గేటు వైపు కుర్చీ వేసుకుని, వీధిలో పోయే కూరగాయల బండిని కూడా జంగయ్యే అనుకుని లేచి నిలబడేవారు.

అప్పుడొచ్చింది పార్శిల్. అందులో మూడు. ఒక కొత్త జాజ్, ఒక ఫంక్, మూడోది ఆమె రికార్డు. ఇంట్లో ఉన్నది అరిగి గరగరమంటోంది కదా, అదే రికార్డును కంపెనీవాళ్ళు మళ్ళీ అచ్చేశారట.

"పాత పాటనే గద సార్, మళ్ల కొంటిరా?" అన్నాను.

"ఇది వినిపిస్తానని కబురు పెట్టాను యాదమ్మా. ఆదివారం వస్తానన్నాడు. దీనికి కూడా మనసు కరక్కపోతే ఇక వాడు నాకు లేనట్టే" అన్నారు.

ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. వంట చేస్తూ ఆలోచించాను. లోకమంతా వాళ్ళ పోట్లాట రాష్ట్రం గురించి అనుకుంటోంది. అసలు కారణం నాకొక్కదానికే తెలుసు. ఆ రోజు తిరుగుతున్నది కొత్త రికార్డు. దానికి ఎవరైనా బొట్టు పెట్టారా? లేదు! స్కూటర్‌కు పెడతాం, ఫ్రిజ్‌కు పెడతాం, బీరువాకు పెడతాం. ఇంత స్నేహాన్ని నిలబెట్టాల్సిన వస్తువును బొట్టు లేకుండా తిప్పితే ఇంట్లో గొడవ కాక గోవిందనామాలు వినిపిస్తాయా? చదువుకున్న ఇద్దరికీ తట్టనిది నాకు తట్టిందని ఎంత పొంగిపోయానో చెప్పలేను. పొంగిన పాలు పొయ్యిపాలేనని అప్పుడు గుర్తు రాలేదు.

ఆదివారం పొద్దున సారు స్నానానికి వెళ్ళగానే శుభ్రంగా కడుక్కున్న చేతులతో మూడు కవర్లూ విప్పాను. ఆ పాత పాటల రికార్డు కొత్తదా, పాతదా అని కాసేపు నాలో నేనే వాదించుకున్నాను. పాట పాతదే, ఒళ్ళు కొత్తది. బొట్టు పెట్టేది ఒంటికే కదా, పెట్టొచ్చు! గడపకు పూసినట్టు చుట్టూ తడి పసుపు పూశాను. ఐదు చోట్ల కుంకుమ పెట్టాను. రాలిపోకుండా కుంకుమలో నువ్వుల నూనె కలిపాను. పనంటే అంత శ్రద్ధ నాకు! అవతలి వైపు అలిగితే ఎలా అని అటు కూడా పెట్టాను. ఫ్యాను కింద ఆరబెట్టి, సారు వచ్చేలోపు కవర్లలో పెట్టేశాను.

ఆ రోజు బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. అయినా జంగయ్య సారు దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి వచ్చారు. వచ్చి సోఫాలో ఈ చివర కూర్చున్నారు. మా సారు ఆ చివర. ఎవరూ ఎవరి మొహం చూడరు.

"యాదమ్మా, మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో ఆయన్ని అడుగు."

"యాదమ్మా, నడిచొచ్చిన గద, మంచిగనే ఉన్నదని చెప్పు."

మధ్యలో నేను పోస్టాఫీసులా నిలబడ్డాను.

మా సారు లేచి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు కవర్లోంచి ఆమె రికార్డు తీశారు. తెల్లటి పంచె మీద పసుపు రాలింది.

"ఇదేమిటి యాదమ్మా?"

"పసుపు సార్."

"పసుపని నాకూ తెలుసు! రికార్డు మీదికి ఎలా వచ్చింది?"

"కొత్తది గద సార్. ఉత్తగ ఎట్ల తిప్పుతం?"

"అరే, గదేమన్న గుమ్మమా?" అన్నారు జంగయ్య సారు. ఎనిమిది నెలల తర్వాత ఆయన నోట నా సాయం లేకుండా వచ్చిన మొదటి మాట అది.

మా సారు గుడ్డ తెచ్చి తుడిచారు. న్యాయంగా ఆలోచించండి, నేను పెట్టింది ఐదంటే ఐదు బొట్లు. వాటిని రికార్డంతా పామి, ఆ సన్నటి గీతల్లోకి దించిందెవరు? ఆ మాట కాలనీలో ఒక్కరికీ చెప్పలేదాయన! సూది పెట్టారు. ఆమె గొంతెత్తింది. కుంకుమ దగ్గరకు రాగానే సూది గెంతింది. మళ్ళీ అదే ముక్క, మళ్ళీ గెంతు. పాపం ఆమె ఎక్కిళ్ళు పెట్టినట్టే ఉంది. ఫంక్ పెడితే రోకలి రోటి బయట పడింది. జాజ్‌కు ఏమీ కాలేదనే అనుకున్నాను, అది ఎప్పుడూ అలాగే ఉంటుంది కదా. కానీ సారు దాన్ని కూడా తీసి పక్కన పెట్టారు.

తీసి, అలాగే నేల మీద కూర్చుండిపోయారు. "వీడి కోసం తెప్పించానే..." అన్నారు.

జంగయ్య సారు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వచ్చి పక్కన కూలబడ్డారు. "ఊకో మూర్తీ. ఇంట్ల పాతది ఉన్నది గద. అరిగితే ఏమాయె, మనం అరగలేదా? దాన్నే పెట్టు."

"చూడరా దీని నిర్వాకం!"

"చూస్తున్న. కొంచెమన్న అకలు, బుద్ధి ఉన్నదా గీమెకు? రేపు నీకు నాకు గూడ పసుపు పూసి ఎండల నిలబెడ్తది!"

"ఇంకో నెల ఆగితే టీవీకి కొబ్బరికాయ కొడుతుందిరా!"

ఇద్దరూ భుజాలు తట్టుకుంటూ గంటసేపు నన్ను తిట్టారు. ఒకరు మరచిపోయిన తిట్టును ఇంకొకరు అందించారు. తిట్టి తిట్టి ఆకలేసి, నా పెసరట్లే తలా నాలుగు తిన్నారు. గరగరమనే పాత రికార్డు పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. వచ్చే ఆదివారం పెందలాడే వస్తానని జంగయ్య సారు మాటిచ్చారు.

నాకేమో ఒక్క మంచి మాట లేదా?

"ఎట్లయితే ఏంది సార్, ఇద్దరు కలిసిండ్రు గద. నా బొట్టు పన్జేసినట్టే గద?" అన్నాను.

"నోరు మూసుకో యాదమ్మా!" అన్నారు మా సారు.

"నోరు మూస్కో యాదమ్మా!" అన్నారు జంగయ్య సారు.

రాష్ట్రం సంగతి మొదలయ్యాక ఆంధ్రా, తెలంగాణ ఒకే మాట మీద నిలబడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇద్దరు పోట్లాడుకుంటే మూడోవాడికి లాభమంటారు. ఇద్దరు రాజీపడితే మూడోదానికి తిట్లని ఏ పెద్దలూ చెప్పలేదు. అందుకని, ఉప్పూ పప్పూ సాక్షిగా, పొయ్యి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చదువుకున్న మగవాళ్ళు ఇద్దరు ఎక్కడ కొట్లాడుకుంటున్నా సరే, వాళ్ళు తలలు పగలగొట్టుకున్నా సరే, గిన్నెలు తోముకుంటూ చూస్తుంటాను తప్ప చచ్చినా కలపను.