నల్లమెట్ల విద్వాంసుడు

డెబ్బైల చివర్లో ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య నన్ను మించిన హార్మోనిస్టు లేడు. ఈ మాట ఇప్పటికీ తలెత్తుకొని చెబుతాను. పౌరాణిక నాటకాలకు హార్మోనియం పట్టేవాళ్లం మొత్తం ముగ్గురమేననీ, మిగతా ఇద్దరికీ పెళ్లిళ్లతోనే తీరిక ఉండేది కాదనీ మాత్రం ఎవరైనా అడిగితేనే చెబుతాను.

వారమంతా ఆదోనిలో ఒక జిన్నింగు ఫ్యాక్టరీలో గుమాస్తాను. ఆదివారం హార్మోనియం పెట్టెను బస్సు టాపు మీదికి ఎక్కించి, ఎమ్మిగనూరులో నాటకం రిహార్సలుకు పోయేవాణ్ణి. నాకు ఐదు వందల రాగాలు వచ్చని అక్కడ అందరినీ నమ్మించాను. నిజానికి వచ్చింది ఐదు. ఇంకా నిజం చెప్పాలంటే ఆ ఐదూ ఒకటే.

అదెట్లాగంటే, హార్మోనియంలో తెల్లమెట్లను ఒకటి, రెండు, మూడు అని పిలుస్తాం. వాటి మధ్య నల్లవి ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. నాలుగున్నరను షడ్జం, అంటే ‘స’, చేసుకొని తెల్లమెట్టు తాకకుండా వాయిస్తే మోహనం. అవే ఐదు నల్లమెట్లు ఐదున్నర నుంచి ఎత్తుకుంటే మధ్యమావతి. ఒకటిన్నర నుంచి శుద్ధసావేరి, రెండున్నర నుంచి శుద్ధధన్యాసి, ఆరున్నర నుంచి హిందోళం. మెట్లు మారవు. ‘స’ ఒక్కటి జరుగుతుంది, రాగమే వేరైపోతుంది. దీన్ని గ్రహభేదం అంటారని తర్వాతెప్పుడో ఒక పుస్తకంలో చూశాను. అప్పటికే అది నేను కనిపెట్టిన విద్య అని పదిమందికి చెప్పి ఉన్నాను.

మా నాటకంలో రాజు వేషం ఒక నేతపనివాడిది. నాకంటే పదేళ్లు పెద్ద. ఆయన గొంతుకు నాలుగున్నర శ్రుతి అచ్చంగా సరిపోయేది. ఏళ్ల తరబడి ఆయన పద్యాలన్నీ మోహనంలోనే నడిపించాను కాబట్టి నా గుట్టు బయటపడలేదు. ఆ ఏడాది నాటకం నేర్పే అయ్యవారు, రాజ్యం పోయి అడవికి పోయే పద్యం హిందోళంలో ఉండాలన్నారు. దానికేమి అని ఆరున్నర పట్టాను. అంత ఎత్తు శ్రుతిలో పై షడ్జం దగ్గర ఆయన గొంతు చీలిపోయింది. కింది స్థాయిలో పాడిస్తే ముందు వరసకు కూడా వినపడలేదు. నాలుగున్నరకు దించమని బతిమాలాడు. హిందోళానికి ఆరున్నరే శ్రుతి, అది పెద్దల పద్ధతి అన్నాను. కళ్లద్దాలు పెట్టుకొని చెప్పేసరికి అందరూ నమ్మారు.

నాలుగు ఆదివారాలు గడిచాయి. ఆయన మిరియాల కషాయం తాగాడు, చల్లనివన్నీ మానేశాడు. నేనేమో సాధన చాలదని సలహా ఇస్తూ వచ్చాను. ఐదో ఆదివారం పొద్దున బస్సు దిగి పెట్టెతోనే ఆయన ఇంటికి పోతే మగ్గం గుంటలో కూర్చొని నేస్తున్నాడు. తలెత్తలేదు.

“నా గొంతు పోయినట్టుందప్పా. ఈ పారి యేసం ఇంగొకనికి ఇచ్చేస్తా” అన్నాడు.

ఇరవై ఏళ్లుగా ఆయన వేసిన వేషం అది. అబద్ధాలు నాకు కొత్త కాదు గానీ, ఒక మనిషి గొంతును మింగేసిన అబద్ధం అదొక్కటే.

“గొంతుకేం కాలేదన్నా. నాకు తెల్లమెట్లు రావు” అన్నాను.

పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె ఆగింది. ఎన్నాళ్లుగా అని అడిగాడు. పుట్టినప్పటి నుంచి అన్నాను.

“తెల్లవేమన్నా కరుస్తాయాప్పా? పెట్టె తియ్యి.”

ముందు ఆరున్నర మీద నాకొచ్చిన హిందోళం వాయించమన్నాడు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎన్ని మెట్లు జరుగుతున్నానో, నలుపూ తెలుపూ అన్నీ కలిపి ఎంచమన్నాడు. మూడు, రెండు, మూడు, రెండు, రెండు.

“అంచు యాడ మొదలైతే ఆడినుంచి పోగులు ఎంచుకుంటాం మేము. రంగు సూసి కాదు. నాలుగున్నర కాన్నుంచి అట్లే ఎంచు.”

ఎంచాను. షడ్జం ఒక్కటే నల్లది. మిగతా నాలుగూ తెల్లమెట్ల మీదే పడ్డాయి. నల్లమెట్ల విద్వాంసుడి వేళ్లు అప్పడాల పిండిలో చిక్కుకున్నట్టు కదలలేదు. రెండుసార్లు తప్పాను, ఆయన ఓపిగ్గా ఆగాడు. మూడోసారి వరస కుదిరింది. రాగమంటే మెట్లు కాదు, ‘స’ నుంచి ఒక్కో స్వరం ఎంత దూరమో అదే రాగమని నాకు అప్పుడు తెలిసింది.

ఆయన గుంటలో నిలబడి పద్యం ఎత్తుకున్నాడు. గొంతు ఎక్కడా చీలకుండా పై షడ్జం మీదికి పోయి, అక్కడే నిలిచింది. దిగి రావడానికి ఆయనకే మనసు రాలేదు. పన్నెండుసార్లు పాడాడని నేను చెబుతుంటాను. నిజానికి నాలుగుసార్లే. చివరిసారి కళ్లు తుడుచుకొని మళ్లీ మగ్గం ముందు కూర్చున్నాడు.

“యేసం యెవనికీ ఇయ్యను” అన్నాడు. “నువ్వు పద్ధతులు సెప్పేది మాని, తెల్లవి నేర్చుకో. వచ్చే ఆదివారం అయ్యవారి ముందర తప్పు వాయించినావంటే, పెద్దల పద్ధతి యేందో నేనే సెప్తా ఆయనకు.”