తలుపు కొట్టిందెవరు?

వర్ధనమ్మ పెళ్లయిన వారానికి ఆమె భర్తా అన్నయ్యా కలిసి మ్యాట్నీకి వెళ్లారు. కొత్తల్లుడికి చూపించడానికి నర్సీపట్నంలో ఆ వారం ఆ సినిమా తప్ప ఇంకేమీ లేదు. వెళ్లేటప్పుడు ఇద్దరూ ఒకే స్కూటరు మీద వెళ్లారు. వచ్చేటప్పుడు అన్నయ్య జగదీశ్వరరావు స్కూటరు మీద వచ్చాడు, భర్త యాజులు నడిచి వచ్చాడు. ఆ తరవాత దాదాపు ముప్పై ఏళ్లు వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

ఆస్తి తగాదా కాదు, పెట్టుపోతల గొడవా కాదు. బంధువులు మాత్రం ఆ రెండిట్లో ఏదో ఒకటై ఉంటుందని నమ్మారు. అసలు కారణం చెబితే నవ్వుతారని వర్ధనమ్మ చెప్పలేదు.

ఆ సినిమా పేరు 'ఆవలి చంద్రుడు'. చంద్రుడి వెనకాల ఇంకో చంద్రుడు ఉంటాడు. హీరో రాకెట్లో అక్కడికి వెళ్తాడు. అక్కడి జీవి ఎవర్ని చూస్తే వాళ్ల రూపం తెచ్చుకుంటుంది, కాబట్టి హీరోలా మారిపోతుంది. తిరిగి రావడానికి రాకెట్లో ఒక్కరికే చోటు. రాకెట్ బయలుదేరుతుంది గాని ఎక్కిందెవరో చూపించరు. ఆఖర్న భూమ్మీద హీరో ఇల్లు. ఎవరో తలుపు కొడతారు. గడప మీద నీడ పడుతుంది. వాకిట్లో కుక్క తలెత్తి చూసి మళ్లీ పడుకుంటుంది. భార్య తలుపు తీసి నవ్వుతుంది. శుభం.

వచ్చింది హీరోయే అన్నాడు జగదీశ్వరరావు, కుక్క మొరగలేదు కాబట్టి. వచ్చింది ఆ జీవే అన్నాడు యాజులు, కుక్క తోక ఊపలేదు కాబట్టి. జగదీశ్వరరావు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. "సైన్సు నీకు అర్థం కాదులే బావా" అన్నాడు. యాజులు ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తా. "సైన్సు సరే, నువ్వెప్పుడైనా కుక్కని పెంచేవా?" అన్నాడు. అక్కడితో ఆగితే పోయేది. స్కూటరు స్టాండు దగ్గరికి చేరేసరికి ఒకరి చదువు గురించి ఒకరు, ఆపైన ఒకరి వంశం గురించి ఒకరు మాట్లాడుకున్నారు.

వర్ధనమ్మ మునిసిపల్ స్కూల్లో తెలుగు టీచరు. బళ్లో పాఠం చెప్పేది, ఇంట్లో కబురు చెప్పేది. ఒకే పంక్తిలో భోజనానికి కూర్చుని, "వర్ధనీ, మీ ఆయనకి పులిహోర కావాలేమో కనుక్కో" అనేవాడు అన్న. "వర్ధనం, మీ అన్నయ్యకి బీపీ కదా, ఆవకాయ తగ్గించమను" అనేవాడు భర్త. మొదట్లో ఆమె అన్నమాట అన్నట్టే అటూ ఇటూ చేరవేసింది. తరవాత్తరవాత కొంత తీసేసి, కొంత కలిపి చెప్పడం అలవాటు చేసుకుంది. యాజులుకి విశాఖపట్నంలో ఆపరేషన్ అయినప్పుడు జగదీశ్వరరావు ఆసుపత్రి వరండాలోనే కూర్చున్నాడు, లోపలికి రాలేదు. మెలకువ రాగానే యాజులు అడిగిన మొదటి మాట: "దుప్పటి తెచ్చుకున్నాడేటి ఆ మనిషి?"

రెండో భాగం వస్తోందని పేపర్లో పడినప్పుడల్లా ఇద్దరి మొహాలూ వెలిగేవి. అందులో తన మాటే నిజమని తేలుతుందని ఎవరి ధీమా వాళ్లది. డైరెక్టరు మారాడు, నిర్మాత మానుకున్నాడు, ఇంకో నిర్మాత వచ్చాడు. ఆఖరికి నిరుడు వేసవి దాటాక నిజంగానే విడుదలైంది.

బ్యాంకులో పనిచేసే మేనకోడలు హరిణి ముగ్గురికీ ఒకే వరసలో సీట్లు బుక్ చేసింది. "మధ్య సీటు నీది అత్తా. అసలు నువ్వు మొదటిది చూసేవా?"

"లేదే. ఆ రోజు టిక్కెట్లు రెండే తెచ్చేరు."

ఆ శనివారం మధ్యాహ్నం హరిణి ఫోన్లో మొదటి భాగం చూపించింది. రెండో చంద్రుడు ఏదో రాతి క్వారీ అని ఇట్టే తెలిసిపోతోంది. హీరోలిద్దరూ పక్కపక్కన నిలబడితే మధ్యలో సన్నటి గీత కనబడుతోంది. కాని ఒకచోట వాళ్లిద్దరూ రాయి మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకుంటారు. కాఫీ చల్లారితే మా ఆవిడ మళ్లీ వెచ్చబెట్టదు అని హీరో చెబుతాడు, ఆ జీవి శ్రద్ధగా విని, ఆ మాటే నేర్చుకుంటుంది. అక్కడ వర్ధనమ్మకి కళ్లు చెమ్మగిల్లాయి. ఆఖర్న ఆ భార్య తలుపు తియ్యబోతూ ఒక్క క్షణం ఆగింది. ఇన్నేళ్లలో కుక్క గురించి అంత మాట్లాడినవాళ్లు ఈ ఆగడం గురించి ఎవరూ చెప్పలేదే అనుకుంది.

ఆదివారం మ్యాట్నీకి వెళ్లారు. పాత హాలుకే ఏసీ పెట్టి సోఫాలు వేశారు. వర్ధనమ్మకి అటు భర్త, ఇటు అన్న. సినిమా మొదలైన పది నిమిషాలకే తేలిపోయింది. తలుపు కొట్టింది హీరో కాదు, ఆ జీవీ కాదు. ఆఫీసు ప్యూను. రాకెట్ ఖాళీగా తిరిగొచ్చిందని కబురు తెచ్చాడు. రోజూ వచ్చే మనిషి కాబట్టి కుక్క పట్టించుకోలేదు. భార్య మర్యాదకి నవ్వింది.

ఆ తరవాత ఆకాశం నిండా రాకెట్లు, మంటలు. శబ్దానికి సోఫా అదిరింది. రాయి మీద కూర్చుని మాట్లాడుకోవడానికి ఎవరికీ తీరికలేదు. ఇంటర్వెల్ ముందర, తల నెరిసిన ఆ భార్య తానే రాకెట్ ఎక్కి బయలుదేరింది. లైట్లు వెలిగాయి.

యాజులు ఇంకా తెర వైపే చూస్తున్నాడు. "ప్యూనా?" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

"ప్యూనుట బావా!" అన్నాడు జగదీశ్వరరావు.

వర్ధనమ్మ అటూ ఇటూ చూసింది. ఈ మాట చేరవెయ్యమని ఎవరూ అడగలేదు.

"చక్కటి సినిమాని చంపీసేడు" అన్నాడు యాజులు.

"నువ్వు చెప్పిందే పెట్టినా ఇంతకన్నా బాగుణ్ణు."

"నీదైనా బాగుణ్ణు. అందులో కొంత లాజిక్కుంది."

రెండో సగమంతా ఆమె మీంచి అటూ ఇటూ వంగి మాట్లాడుకుంటూనే ఉన్నారు. వెనక వరసవాళ్లు కసురుకున్నారు. ఆమె లేచి చివరి సీట్లోకి మారింది. వాళ్లు గమనించలేదు. ఇంటికి ఒకే ఆటోలో వచ్చారు.

మర్నాటినుంచి జగదీశ్వరరావు పొద్దున్నే రావడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ల మాటలు బాకీ ఉన్నా ఇద్దరూ రెండో భాగాన్ని తిట్టుకోవడం తప్ప వేరే కబురు ఎత్తలేదు. మూడో రోజు టీ ఇస్తూ వర్ధనమ్మ అంది: "నాకు రెండోదే బాగుంది."

యాజులు కప్పు దించాడు. "ఏటి బాగుంది?"

"ఆవిడ వెళ్లింది కదా."

"ఆ వయసులో రాకెట్ ఎక్కడమేటి వర్ధనీ? సైన్సు ఒప్పుకోదు" అన్నాడు అన్న.

"చంద్రుడి వెనకాల చంద్రుడికి ఒప్పుకుందా? మొదటిది మంచిదే, కాదన్ను. కాని అందులో ఆవిడ తలుపు తియ్యడం తప్ప ఏం చేసింది?"

"అదే క్లైమాక్సు" అన్నాడు యాజులు.

"కరెక్టు బావా" అన్నాడు జగదీశ్వరరావు.

గురువారం వర్ధనమ్మ ఒంటిపూట సెలవు పెట్టింది. మర్నాటినుంచి హాల్లో వేరే బొమ్మ. ఒక్కర్తే వెళ్లి బాల్కనీ టిక్కెట్టు తీసుకుని, నడిమి వరసలో కూర్చుంది. హాలు సగం పైగా ఖాళీ. మొన్న సరిగ్గా వినబడని రెండో సగంలో ఇప్పుడు ప్రతి మాటా వినబడింది. రెండో చంద్రుడి మీద ముసలివాళ్లిద్దరూ, ఒకే మొహంతో, నేనంటే నేనని ఆవిడ ముందు వాదించుకుంటున్నారు. ఆవిడ కాసేపు విని, ఎవరు ఎవరని అడక్కుండా, రాకెట్ తలుపు తెరిచి పట్టుకుని, "బేగి ఎక్కండి" అంది. వర్ధనమ్మకి నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వింది. ముందు వరసలో ఒకాయన తిరిగి చూసి, ఇందులో నవ్వేదేముందో తెలియక మళ్లీ తెర వైపు తిరిగాడు.