క్యారేజీ హారన్

గోవిందరాజులు పోయిన ఐదో రోజు పొద్దున్న వీరలక్ష్మి నుదుట పెద్ద బొట్టుతో, రెండు చేతులా నిండుగా గాజులతో గడప దాటింది.

పదో రోజుదాకా అవి ఉంటాయి. ఉండడమే కాదు, పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళు ఏడుస్తూ ఉన్న బొట్టునే మరింత పెద్దది చేస్తారు. కొత్త గాజులు తొడుగుతారు. ఆ ఆచారాన్ని ఆమె కాదనలేదు. పదో రోజుదాకా ఇల్లు కదలకూడదన్నది కూడా ఆచారమే. దాన్ని మాత్రం పక్కకి నెట్టింది.

"ఏటే, ఎక్కడికి?" వాకిట్లో కూర్చున్న ఆడపడుచు తాతమ్మ అడిగింది.

"ములాఖాత్‌కి. జైల్లో కలవనిచ్చే మంగళవారం కదా."

"మొగుడు పోయి ఐదు రోజులు కాలేదు. తండ్రి కట్టెకి నిప్పెట్టడానికి రానోడు వాడు. వాడి మొహం చూడ్డానికి ఎల్తావా?"

"చూడ్డానికి కాదొదినా. ఎందుకు రాలేదో అడగడానికి. పదో రోజుకైనా వొస్తాడేమోనని."

తాతమ్మ కాసేపు గుమ్మం వైపు చూసింది. "సరే ఎల్లు. ఎనకదారిన ఎల్లు. డాలీగంజంతా మన ముందు గుమ్మానికే కళ్ళప్పగించి ఉంది."

గోవిందరాజులు ముప్ఫై ఏళ్ళు అండమాన్ దీవుల పోర్ట్‌బ్లెయిర్‌లో ప్రభుత్వ బస్సు నడిపాడు. ఒక్క కోడిపిల్లని తొక్కించలేదని తోటివాళ్ళు చెప్పుకునేవారు. అలాంటివాడి కొడుకు పూర్ణచంద్ర రెండేళ్ళ కిందట స్నేహితుడి పికప్ బండి తీసుకుని, తాగి, ప్రోతరాపూర్ దాటాక బస్టాపులో నిలబడ్డ రాముడనే ముసలాయన్ని గుద్దేశాడు. రాముడు రోజూ తోటకూర కట్టలూ బచ్చలి కట్టలూ గంపలో పెట్టుకుని అక్కడ నిలబడి మొదటి బస్సెక్కేవాడు. అది గోవిందరాజులు బస్సే. ఆ రోజు స్టాపులోకి బండి తిప్పుతూ గోవిందరాజులు ముందు చూసింది రోడ్డు మీద చెల్లాచెదురైన తోటకూర. తరవాత ప్రాణం లేని రాముణ్ణి. ఆ తరవాత, కాలవలో ముక్కు పెట్టి ఆగిన పికప్ పక్కన తల పట్టుకుని కూర్చున్న కొడుకుని.

గోవిందరాజులు కోర్టుకి వెళ్ళలేదు. వకీలుని పెట్టలేదు. ఐదేళ్ళు పడ్డాయని వీరలక్ష్మి వచ్చి చెబితే, "చేసినోడు అనుభవిస్తాడు" అని ఊరుకున్నాడు. ఒక్కసారి కూడా జైలుకి వెళ్ళి వాణ్ణి చూడలేదు. కొడుకు ఊసెత్తితే అన్నం ముందునుంచి లేచిపోయేవాడు. అందుకని మంగళవారాలు జైలునుంచి వచ్చాక వీరలక్ష్మి కుక్కర్‌కి కబుర్లు చెప్పేది. "చిక్కిపోయాడు, దగ్గు తగ్గింది, లైబ్రరీలో పనిచ్చారట" అని, పక్క గదిలోకి వినబడేంత గట్టిగా. పక్క గదిలో టీవీ చప్పుడు తగ్గేది. అంతకుమించి ఏమీ జరిగేది కాదు.

కిందటేడు ఆమె ఒక అబద్ధమాడింది. కొడుకు పుట్టినరోజుకి నాలుగు రోజులైనా ఇంటికి తెచ్చుకోవాలని, తండ్రికి గుండెపోటు వచ్చిందని, పెరోల్ కావాలని అర్జీ పెట్టించింది. వాడూ కంగారుపడి సంతకం పెట్టాడు. విచారణకి వచ్చిన పోలీసాయన తలుపు కొడితే, లుంగీ కట్టుకుని వేరుశనక్కాయలు నములుతూ గోవిందరాజులే తీశాడు.

"హార్ట్ ఎటాక్ కిస్కో ఆయా?"

"ముఝే తో నహీ ఆయా" అన్నాడు గోవిందరాజులు, తనకైతే రాలేదని.

అర్జీ కొట్టేశారు. పూర్ణచంద్రని ఆఫీసులో నిలబెట్టి నానా మాటలూ అన్నారు.

ఈ ఏడు నిజంగానే గుండె జబ్బు వచ్చింది. నెల రోజులు సెలవు పెట్టి గోవిందరాజులు మంచం మీద ఉంటే, ఆమె ప్రతి మంగళవారం కొడుక్కి చెప్పింది. వాడు విని ప్రతిసారీ నవ్వాడు. రాయి అయిపోయాడనుకుంది. ఆఖరికి శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి ప్రాణం పోయింది. వెంటనే జైలుకి కబురు చేశారు. సాయంత్రం నాలుగుదాకా శవాన్ని వాకిట్లో ఉంచుకుని ఎదురుచూశారు. ఖైదీ అర్జీ మీద సంతకం పెట్టనన్నాడని అక్కడినుంచి ఫోనొచ్చింది. మరిది కొడుకు నిప్పు పెట్టాడు.

ములాఖాత్ గదిలో ఇనుప జాలీకి ఇటు ఆమె, అటు వాడు. ఇరవై ఏడేళ్ళవాడు, చెవుల దగ్గర అప్పుడే రెండు తెల్లవెంట్రుకలు. తల్లి మొహం కేసి చూశాడు. నుదుటి మీది బొట్టు చూశాడు. గాజులు చూశాడు. మళ్ళీ అదే నవ్వు.

"ఈసారి పెద్ద నాటకమే ఆడావమ్మా. సిపాయి చేత కూడా చెప్పించావు."

"పూర్ణా, నాన్న పోయాడురా. శుక్రవారం."

"శుక్రవారం ఎన్నింటికి?"

"తెల్లారగట్ల నాలుగింటికి."

"మరి ఆరుంపావుకి బస్సెవరు నడిపారు?"

ఆమెకి అర్థం కాలేదు. వాడు జాలీ దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"నాన్న ఇక్కడికి రాడని నువ్వు ఏడుస్తావు గానీ, రోజూ వొస్తాడమ్మా. నన్ను ఇక్కడికి తెచ్చిన మర్నాటినించి. ఆరుంపావుకి మొదటి ట్రిప్పు. గోడ పక్కనుంచి ఎల్తా హారన్ కొడతాడు. రెండు పొడుగు, ఒకటి పొట్టి. గుర్తుందా? క్యారేజీ హారన్."

గుర్తుండకపోవడమేమిటి. పూర్ణకి ఎనిమిదేళ్ళప్పుడు మధ్యాహ్నం ట్రిప్పులో బస్సు డాలీగంజ్ ఇంటి ముందునుంచి వెళ్ళేది. రెండు పొడుగు, ఒకటి పొట్టి. ఆ చప్పుడు వినగానే ఆమె క్యారేజీ మూతకి గడి వేసి కొడుకు చేతికిచ్చేది. వాడు రోడ్డు మీదికి పరిగెత్తేవాడు. డ్రైవర్ కిటికీలోంచి ఒక చెయ్యి కిందికి వచ్చి క్యారేజీ అందుకుని, వాడి నెత్తి మీద ఒకటి మొట్టి, పైకి వెళ్ళిపోయేది. బస్సు పూర్తిగా ఆగేది కూడా కాదు.

"నాకెందుకు చెప్పలేదురా ఇన్నాళ్ళూ?"

"చెప్తే నువ్వు నాన్ననడుగుతావు. అడిగితే మానేస్తాడు."

అది నిజమే. వాడు మళ్ళీ అన్నాడు. "నెల్లాళ్ళనించి మంచం మీదున్నాడని నువ్వు చెప్తావు. నేనేమో పొద్దున్నా సాయంత్రం వింటన్నాను. శుక్రవారం సిపాయొచ్చి, నీ బాప్ గుజర్ గయా అన్నాడు. అరగంట కాలేదు, హారన్ కొట్టుకుంటా నాన్న బస్సు ఎల్లింది. నవ్వొచ్చింది. ఎందుకమ్మా? ఝూట్‌తో నన్ను ఎన్నిసార్లు ఇంటికి తెచ్చుకుంటావు?"

"నా మీద ఒట్టురా..."

అప్పుడు గోడకి అవతల హారన్ మోగింది. రెండు పొడుగు. ఒకటి పొట్టి.

వీరలక్ష్మి లేచి నిలబడింది. తన చెయ్యి పక్కనున్న బల్ల మీద దేనికోసమో తడుముకుంది. అక్కడ క్యారేజీ లేదు. కానీ ఆ రెండు క్షణాలూ ఆయన పోలేదు. శుక్రవారం లేదు, కట్టెలు లేవు, చల్లబడిన కాళ్ళకి ఆమె రాసిన పసుపు లేదు. ఆయన రోడ్డు మీద ఉన్నాడు, ఆకలిగా ఉన్నాడు, అన్నం ఆలస్యమైంది.

"విన్నావు కదా" అన్నాడు పూర్ణ. వాడి మొహంలో నవ్వు పోయి జాలి వచ్చింది. "బతికున్నోణ్ణి చంపకమ్మా. నాన్న ఇక్కడికొచ్చి, ఈ జాలీ కాడ నిలబడి, రారా అంటే అప్పుడొస్తాను. అంతవరకూ ఏ కాగితం మీదా సంతకం పెట్టను."

"చలో దీదీ, టైమ్ హోగయా" అన్నాడు సిపాయి.

బయటికి వచ్చి స్టాపులో కూర్చుంది. అరగంటకి అదే బస్సు తిరిగి వచ్చింది. ఆమె కళ్ళు ముందు డ్రైవర్ సీటు వైపే వెళ్ళాయి. వెళ్ళకుండా ఆపుకోలేకపోయింది. అక్కడ ఫణికుమార్ ఉన్నాడు. గోవిందరాజులు దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు, శవాన్ని మోసిన నలుగురిలో ఒకడు. ఆమెని చూసి కంగారుగా సీట్లోంచి సగం లేచాడు.

"పిన్నీ, నువ్వా? ఫోన్ చేస్తే ఇంటికాడికే వొచ్చీసేవోణ్ణి కదా."

ఆమె అతని వెనక సీట్లో కూర్చుంది. బండి కదిలాక అడిగింది. "ఫణీ, ఆ గోడకాడ హారన్ ఎందుకు కొడతన్నావు?"

"మలుపు కదా పిన్నీ."

"అక్కడ మలుపేటి? రోడ్డు తిన్నగానే ఉంది కదా."

ఫణికుమార్ అద్దంలో ఆమె వైపు చూసి తల గోక్కున్నాడు. "నేనూ అదే అన్నాను. ఉస్తాద్ సెలవు పెట్టే ముందు నన్ను పక్కన కూచోబెట్టుకుని మూడు రోజులు తిప్పాడు. 'ఈ రూట్‌లో రెండు సంగతులు. ఈ మలుపుకాడ రెండు పొడుగు, ఒకటి పొట్టి. ఏ ట్రిప్పులోనూ మానకూడదు. మానేవో, వొచ్చి తంతాను' అన్నాడు. మలుపెక్కడుంది ఉస్తాద్ అంటే, 'ముప్ఫై ఏళ్ళు నడిపినోణ్ణి, ఉందంటే ఉంది' అన్నాడు. నేనింకేటి మాటాడతాను?"

"రెండో సంగతి?"

"ఆ ముసలాయన స్టాపులో ఎవరూ లేకపోయినా బండి ఆపాలి. తలుపు తియ్యాలి. పాసింజర్లు తిట్టినా సరే."

ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అంటే సెలవు చీటీ రాసిన రోజే ఆయనకి తెలుసు, మళ్ళీ ఆ సీట్లో కూర్చోనని. పక్క గదిలో పడుకుని, ఆమె కుక్కర్‌కి చెప్పే కబుర్లు వింటూ, ఆరుంపావు ఎప్పుడవుతుందా అని గడియారం చూసుకుని ఉంటాడు. తన తరవాత కూడా కొడుక్కి ఏ లోటూ రాకుండా ఏర్పాటు చేసి మరీ వెళ్ళాడు. ఆ ఏర్పాటే ఇప్పుడు కొడుకుని తండ్రి కర్మకి రానివ్వకుండా పట్టుకుంది.

డాలీగంజ్ వచ్చింది. ఆమె దిగలేదు. బండి ఆపి ఫణికుమార్ వెనక్కి తిరిగాడు.

"రేపు కొట్టకు" అంది.

"ఏటి పిన్నీ?"

"రేపు అక్కడ హారన్ కొట్టకు. మొదటి ట్రిప్పునించి ఆఖరి ట్రిప్పుదాకా."

"ఉస్తాద్ మానొద్దన్నాడు పిన్నీ. నాకు మనసొప్పదు."

"ఆయన పెళ్ళాన్ని చెప్తన్నాను." అతని సీటు కమ్మీ పట్టుకుని ముందుకు వంగింది. "పూర్ణ దాన్ని పట్టుకుని కూచున్నాడు నాయినా. అది మోగినంతకాలం వాడికి తండ్రి ఉన్నట్టే. కర్మకి రాడు."

ఫణికుమార్‌కి అప్పుడు అర్థమైంది. స్టీరింగ్ మీద చెయ్యి వేసి, దాని మధ్యనున్న నల్లటి గుండ్రటి మీటని, తను నెల రోజులుగా నొక్కుతున్నదాన్ని, తెలియనివాడిలా చూశాడు.

మర్నాడు ఆమె మొదటి బస్సెక్కింది. అతని మీద నమ్మకం లేక కాదు. చేయించేది తనైతే చూడాల్సింది కూడా తనే అనిపించింది. గోడ వచ్చింది. ఎత్తుగా, తడిగా, కింద పాచి పట్టి. ఫణికుమార్ రెండు చేతులూ స్టీరింగ్ అంచుని బిగించి పట్టుకున్నాడు. ఇంజను చప్పుడు, కిటికీ అద్దాల గడగడ, వెనకెవరో ఫోన్‌లో హిందీలో నవ్వడం. గోడ అయిపోయింది. అంతే. శుక్రవారం తెల్లవారుజామున కూడా ఇంతే. ఊపిరి వస్తుందనుకున్న చోట రాలేదు. ఆయన చనిపోవడం ఆమె రెండోసారి చూసింది. ఈసారి ఆపింది తనే.

గోడకి అవతల వాడు ఏం చేస్తున్నాడో తెలియదు. ఆలస్యమైందనుకున్నాడా. రెండో ట్రిప్పుకోసం చూశాడా. మూడోదానికా.

సాయంత్రం ఆరింటికి జైలునుంచి ఫోనొచ్చింది. సంతకం పెట్టాడన్నారు.

పదో రోజు ఇద్దరు పోలీసుల మధ్య పూర్ణచంద్ర సముద్రం ఒడ్డుకి వచ్చాడు. గుండు చేయించుకున్నాడు. చెప్పినవన్నీ చేశాడు. తాతమ్మ కూడా వాణ్ణి తిట్టాలనుకున్నవేవీ తిట్టలేకపోయింది. తల్లి చేతి గాజులు తీసేటప్పుడు వాడు నీళ్ళ వైపు తిరిగి నిలబడ్డాడు.

తిరిగి వెళ్ళేముందు పోలీసులు ఐదు నిమిషాలిచ్చారు. ఫణికుమార్ దూరంగా నిలబడి ఉన్నాడు.

"హారన్ ఎవరు ఆపమన్నారు?" తల్లిని అడిగాడు పూర్ణ.

"నేనే."

వాడు తలూపాడు. బొట్టు లేని ఆ మొహాన్ని చాలాసేపు చూశాడు. ఫణికుమార్ దగ్గరికొచ్చి, "భయ్యా, రేపట్నించి మళ్ళీ కొట్టీమంటావా? నాకేటి కష్టం లేదు" అన్నాడు.

"వొద్దు భయ్యా." నేల చూస్తూ అడిగాడు. "రాముడు తాత స్టాపులో బస్సు ఆగతాదా ఇంకా?"

"ఆగతాది. ఉస్తాద్ చెప్పాడు."

"అది మానకు."

తరవాతి మంగళవారం వీరలక్ష్మి ములాఖాత్‌కి బయల్దేరింది. దిగాల్సిన చోట దిగకుండా ఇంకొక స్టాపు ముందుకు వెళ్ళింది. స్టాపులో ఎవరూ లేరు. ఫణికుమార్ బండి ఆపి తలుపు తీశాడు. వెనకసీట్లో ఒకతను, "కౌన్ హై భాయీ, కిస్కేలియే రోకా?" అని, ఎవరికోసం ఆపావంటూ విసుక్కున్నాడు. తెరిచిన తలుపులోంచి తడిమట్టి వాసన లోపలికి వచ్చింది. గంప పట్టుకుని ముసలాయన ఒకడు మెట్లెక్కడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ బస్సు అక్కడే నిలబడింది.