దీపం పెట్టని నక్షత్రం

నా చిన్నప్పుడు క్రిస్మస్ పాట అంటే మా అమ్మదే. నౌపడ దగ్గర ఉప్పు మడుల పక్కన మా పాకలుండేవి. వాటిలో క్రైస్తవ కుటుంబాలు పట్టుమని పది లేవు గానీ, పండుగ చప్పుడు మాత్రం పెద్ద ఊరికి సరిపడా చేసేవాళ్లం. ముందురోజు దీపాలు పెట్టే వేళకు డోలక్ పట్టుకుని పాటల గుంపు బయలుదేరేది. అమ్మ పాట ఎత్తుకునేది, వెనక అందరూ అందుకునేవారు. నేనూ అందుకునేదాన్ని. నా గొంతు విని సంఘపెద్ద “ఈ గుంటకి ముందు మిఠాయి పెట్టండ్రా, నోరు మూస్తాది” అనేవాడు. అలా నేను సంపాదించినన్ని మిఠాయిలు మంచి గొంతున్నవాళ్లెవరికీ దక్కలేదు.

ఒక ఏడు వానల్లో జ్వరం వచ్చి మా తమ్ముడు పోయాడు. అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తున్నవాడు. వాణ్ణి తీసుకెళ్లిన రోజు నుంచీ అమ్మ చాప మీద పడుకునే ఉంది. నాన్న అన్నం కలిపి నోట్లో పెడితే ఒకటి రెండు ముద్దలు తినేది, తర్వాత పెదాలు బిగించేసేది. మాట లేదు. నాకు తెలిసిన కోతివేషాలన్నీ ఆమె ముందు వేశాను. సంఘపెద్ద నడక నడిచాను, రైల్లో గాడ్సాయిబు ఈల వేశాను. ఊరంతా పొట్టపట్టుకుని నవ్వే వేషాలు అవి. అమ్మ నా వైపు చూసేది, నా వెనక ఎవరో ఉన్నట్టు. నాకు చదువు ఐదో తరగతితోనే ఆగిపోయింది గానీ, ఆ చూపుకి అర్థం తెలియడానికి అయిదు తరగతులు కూడా అక్కర్లేదు.

మా పాకల్లో ఒక పద్ధతి ఉండేది. పండుగకి ప్రతి గుమ్మానికీ వెదురు బద్దల నక్షత్రం కట్టి, లోపల చిన్న దీపం పెట్టాలి. దీపమున్న నక్షత్రం కనిపించిన చోటల్లా గుంపు ఆగి పాడుతుంది. ఏడాదిలోపు చావు జరిగిన ఇంటికి మాత్రం నక్షత్రం కట్టరు. మతం మారినప్పుడు మావాళ్లు అన్నీ వదిలారు గానీ, ఏడాది మైల మాత్రం వాళ్ల వెనకే వచ్చేసింది. ఆ ఇంటి ముందుకు రాగానే డోలక్ ఆపి, తలలు వంచుకుని, గబగబా దాటిపోతారు. అది మర్యాద.

నాకా మర్యాద నచ్చలేదు. గుంపు మా గుమ్మంలో పాడితే అమ్మ లేస్తుందని నా నమ్మకం. పాటలో ఎవరో ఒకరు రాగం దారి తప్పుతారు, అమ్మకు ఒళ్లు మండుతుంది, తిట్టడానికైనా లేస్తుంది. ఎవరూ తప్పకపోతే నేనున్నాను కదా!

మనమూ నక్షత్రం కడదామని వెళ్లి మా నాయనమ్మను పట్టుకున్నాను.

“తమ్ముడు పోయిన ఏడే నచ్చత్రమేటే? ఊరు ఏటంటాది?” అంది.

“అంటే అననీ. అమ్మ లెగుస్తాది.”

“లెగుస్తాదని నీకెవలు సెప్పినారు?”

“నానే సెప్పుకున్నాను.”

మర్నాడు నాయనమ్మ అటక మీది పాత చేట దించి, విరిచి, బద్దలు తీయడం మొదలుపెట్టింది.

డబ్బు పెట్టి కొన్నది ఏదీ లేదు. నరసన్నపేట సంతకి వెళ్లి, బట్టల కొట్టువాళ్లు పారేసిన రంగు కాగితాలూ, దర్జీ దగ్గర గుడ్డ పీలికలూ అడిగి తెచ్చింది. స్టేషన్లో సిగరెట్ పెట్టెలు ఏరి, వాటిలోని వెండి కాగితం నేను తెచ్చాను. పాత ఇనుము కొనేవాడు ఎద్దు మెడలో గంట ఒకటి ఊరికే ఇచ్చాడు, దానికి నాలుక లేదు. “నీ నాలుక కోసి కట్టేద్దునా? మనకీ సుకం, గంటకీ సుకం” అంది నాయనమ్మ. ఆ ఇంట్లో మూడు నెలల తర్వాత విన్న మొదటి హాస్యం అది. నేను నవ్వి, అమ్మ వైపు చూసి, ఆపేశాను.

క్రిస్మస్ చెట్టు కోసమని నాయనమ్మ సరుగుడు కొమ్మ నరికి తెచ్చింది. రాళ్లుప్పు ఇక కరగనన్నంత వరకూ వేడినీళ్లలో కలిపి, కుండలో పోసి, చిన్న చిన్న రెమ్మలు అందులో వేలాడదీసింది. మడుల్లో ముసలితనం తెచ్చుకున్న మనిషి, ఉప్పు ఆమె మాట వినేది. కొన్నాళ్లకు ప్రతి ఆకు కొసనా తెల్లటి పలుకులు కట్టాయి. వాటిని కొమ్మకి కట్టి అమ్మకు కనిపించేలా నిలబెట్టాం. ఆ రాత్రి మంచుకి ఉప్పు చెమ్మగిల్లి, తెల్లారేసరికి కొమ్మ మొత్తం బొట్లు బొట్లుగా కారుతోంది. నాయనమ్మ కింద ఒక గిన్నె పెట్టింది.

పండుగ ముందురోజు సాయంత్రం గుమ్మానికి నక్షత్రం కట్టాం. నేను దీపం వెలిగించి తెచ్చాను. నాయనమ్మ నా చేతిలోంచి తీసుకుని ఊదేసింది.

“దీపం పెడితే పాడమన్నట్టు. నచ్చత్రం కట్టకపోతే ఎల్లిపొమ్మన్నట్టు.”

“ఉత్త నచ్చత్రం కడితే?”

“ఇంతవరకూ ఎవలూ కట్టలేదు. సూద్దారి.”

నాకు ఏడుపొచ్చింది. నా పథకమంతా ఆ ఊదుడులో పోయింది.

డోలక్ దగ్గరకొచ్చింది. మా ఇంటి ముందు అలవాటు ప్రకారం ఆగింది. అడుగులు వేగమవుతాయని ఎదురుచూశాను. కాలేదు. సంఘపెద్ద తలెత్తి చీకటి నక్షత్రాన్ని చూశాడు, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ నాయనమ్మను చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వెనకాల అందరూ నిలబడ్డారు. పాట లేదు, ప్రార్థన లేదు. నేను నోరు తెరవబోయాను. నాయనమ్మ చెయ్యి నా నెత్తి మీద పడింది.

లోపల చాప కదిలింది. అమ్మ ఇటు తిరిగింది.

“ఎవలు?”

“మనోల్లే” అంది నాయనమ్మ.

“పాడతారేటి?”

“నువ్వు పాడమంటే పాడతారు. వద్దంటే ఊరుకుంటారు.”

అమ్మ గుమ్మంలోని కాళ్ల వైపు చూసింది.

“వద్దు” అంది. అటు తిరిగి పడుకుంది.

వాళ్లు వెళ్లలేదు. ఒకరి ముఖం ఒకరికి కనిపించనంత చీకటి పడేదాకా అలాగే నిలబడ్డారు. డోలక్ మళ్లీ మోగింది రైలు గేటు దాటాకే.

“లెగలేదు నాయనమ్మా.”

“లెగదే.”

“మరెందుకు కట్టినాం?”

“ఇన్నాళ్లూ ఒక్కర్తే పడుకున్నాది. ఇయ్యాల కూసింతసేపు ఒక్కర్తే కాదు. అంతే. నా సేతిలో ఉన్నది అంతే.”

తర్వాత ఎప్పుడో అమ్మ లేచింది. మడుల్లోకి వెళ్లింది, వండింది, నా పెళ్లి చేసింది. పాడలేదు. ఎవరు దారి తప్పి పాడినా సరిచేయలేదు. ఆమె పోయేదాకా ప్రతి క్రిస్మస్‌కీ చెవులు రిక్కించి ఎదురుచూశాను. నేను ఎంతమందిని నవ్వించానో లెక్కలేదు, ఆ ఒక్కదాన్ని నవ్వించలేకపోయాను. ఈ వయసులో కూడా దానికి మందు లేదు.

అందుకే దుఃఖమున్న ఇంటికి వెళ్తే ఓదార్పు మాటలు వెంట తీసుకెళ్లను. ఏదీ బాగుచేయలేనని తెలిసే వెళ్తాను. మొన్న మా వీధిలో ఒక కోడలుపిల్లకి పురిట్లోనే బిడ్డ పోయింది. వెళ్లి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి నా వైపు చూసి, “ఏటత్తా, ఇయ్యాల నోరు పడిపోయినాదేటి?” అంది.

“పడిపోయినాదే తల్లీ” అన్నాను.

ఆ పిల్ల మళ్లీ మాట్లాడలేదు. నేనూ లేవలేదు.