కర్మన్‌ఘాట్ అడ్రసు

విదేశీ సరుకు తెప్పించుకునేవాళ్ళ తరఫున కస్టమ్స్‌లో కాగితాలు నడపడం నా పని. దానికి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. నా లైసెన్సు రద్దు చేశారు. పరాయివాడి వల్ల పోతే ఇంత కడుపు మండేది కాదు.

మా గుమాస్తా రోజూ ఎల్బీనగర్ నుంచి బండి మీద వచ్చేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఆఫీసు తాళాలు పదకొండేళ్ళు అతని దగ్గరే ఉన్నాయి. పనంతా నేనే నేర్పాను. ఒకరోజు కొత్త పార్టీని వెంటబెట్టుకొచ్చాడు.

"మా అక్క మొగడు సార్. బొమ్మల బిజినెస్ షురూ చేస్తుండు. జర మనమే చూసుకోవాలె."

కొత్త పార్టీ చెప్పిన అడ్రసులో నిజంగా ఉన్నాడో లేదో మేం చూసుకోవాలని రూలు. ఆ అడ్రసు కర్మన్‌ఘాట్‌లో, మా ఇంటికి పది నిమిషాల దూరం. కానీ మనవాడి బావని పట్టుకుని నీ షాపు చూపించమని ఎలా అడుగుతాం? ఆ మొహమాటమే నా కొంప ముంచింది. "నీ బావే కదయ్యా, చూసేదేముంది!" అని సంతకం పెట్టేశాను.

కస్టమ్స్‌వాళ్ళు కంటైనర్ తెరిస్తే పైన రెండు వరసలు బొమ్మలు, కిందంతా నిషేధించిన ఈ-సిగరెట్లు. బావగారు ఫోన్ ఆపేశాడు. అప్పుడు పరుగెత్తాను కర్మన్‌ఘాట్‌కి. ఆ నంబరులో ఒకావిడ జాకెట్లు కుడుతోంది.

"గా పేరుతోని ఈడ ఎవ్వరు లేరు సార్. ఏడేండ్ల సంది నేనే కిరాయికున్న."

విచారణలో మావాడు చెప్పింది ఒకటే మాట: "చూసేదేముందని సారే అన్నరు." అన్నాను, కాదనను. ముందున్న ముక్క మింగేశాడు, విశ్వాసం లేని వెధవ! అతన్ని ప్రశ్నించే అవకాశం నాకిచ్చారు. ఆ పార్టీ నీకేమవుతాడని అడిగాను. నా మొహం చూడకుండా ఆఫీసరు వైపు తిరిగాడు.

"నాకేం గాడు సార్. సార్ తెచ్చుకున్న పార్టీ."

తర్వాత రద్దు ఉత్తర్వు వచ్చింది.

ట్రిబ్యునల్‌లో అప్పీలు వేశాం. వాళ్ళ చుట్టరికం రుజువు చేస్తే కొంత ఆశ ఉందన్నాడు వకీలు. ఇల్లంతా వెతికితే బీరువాలో అతని పెళ్ళి శుభలేఖ దొరికింది. "మొదటిది దేవునికిచ్చిన, రెండోది మీకే సార్" అని నా చేతిలో పెట్టింది అదే. కింద ఆహ్వానించువారిలో అక్కాబావల పేర్లు స్పష్టంగా అచ్చయి ఉన్నాయి.

నా భార్య కార్డు పట్టుకుని వదల్లేదు. "పసుపు రాసిన శుభలేఖండీ. కోర్టు కాగితాల్లో పెడతారా? అతన్ని కట్టుకున్న పిల్లకి మంచిది కాదు."

"ఏమీ కానివాడి పేరు శుభలేఖలో ఎందుకు వేయించాడో వాణ్ణే చెప్పమను," అన్నాను. ఆమె చేతిలోంచి కార్డు తీసుకుని వకీలుకి ఇచ్చి వచ్చాను.