సెకండ్ గేరు రింగు

బండికి దయ్యం పట్టిందని నా షెడ్డుకు తీసుకొచ్చినవాళ్లను చాలామందిని చూశాను. ఒకాయన జీపు ఆలూరు దాటగానే ఆగిపోతోందని నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించి మరీ తెచ్చాడు. పెట్రోలు పైపులో చెత్త తీసి పంపించాను. మొయినాబాద్‌లో మెకానిక్ పని చేస్తూనే నా తల నెరిసింది. చప్పుడొస్తే ఏదో వదులైంది, పొగొస్తే ఏదో కాలుతోంది. అంతకు మించి బండిలో ఏమీ ఉండదన్నదే నా నమ్మకం. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా అలాగే తేల్చేద్దామని చూశాను. నా వల్ల కాలేదు.

సాఫ్ట్‌వేర్ వాళ్లు మా వైపు పొలాలు కొని ఫామ్‌హౌస్‌లు కట్టుకుంటున్న రోజులవి. వాళ్లలో ఒకాయనకు పాత కార్ల పిచ్చి. ఒక పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే సీట్లు, నేలకు జానెడెత్తు. ముందుభాగం నుజ్జయి ఉంటే సిటీలో బాడీ పని చేయించుకుంటూ, గేర్‌బాక్స్ మాత్రం విప్పించి నాకు పంపాడు.

ఆ కారు ఎవరిదో మా దగ్గర అందరికీ తెలుసు. ప్రభుదాస్ సారుది. ఆయన చేవెళ్లలో కంప్యూటర్ కోర్సులు నేర్పే ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. అమెరికా ఉద్యోగాల గాలి వీచినన్నాళ్లు గదిలో చోటు చాలక పిల్లలు వరండాలో కూర్చుని నేర్చుకున్నారు. తర్వాత ఆ గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. ఇన్‌స్టిట్యూట్ మూతపడిన కొద్దిరోజులకే, ఒక సాయంత్రం ఆయన చేవెళ్ల నుంచి వస్తూ, మలుపు దగ్గర తిరగకుండా నేరుగా వెళ్లి కల్వర్టు గోడకు గుద్దుకున్నాడు. అక్కడికక్కడే పోయాడు.

రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తు లేదన్నారు. అంతే, కావాలనే గుద్దుకున్నాడని ఊరు తీర్పు చెప్పేసింది. ఆ పూట వాన పడిందనీ, తడిరోడ్డు మీద గుర్తులు నిలవవనీ నేను ఎందరికో చెప్పాను. కుండ మూతి మూయొచ్చు గానీ ఊరి మూతి మూయలేం. ఆయన భార్య శాంత షాబాద్ వైపు ఒక బడిలో టీచరు. అంత్యక్రియల ప్రార్థన జరుగుతున్నప్పుడు కూడా వెనుక వరసలో గుసగుసలు ఆగలేదట. అవన్నీ వింటూనే ఆమె బతికింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ కారుకు నాలుగు గేర్లు. ఖాళీ రోడ్డు మీద పోయేవాడు నాలుగో గేరులో ఉంటాడు. ఎదురుగా గోడ కనబడి, బ్రేకు సరిగ్గా పట్టకపోతే, బతకాలనుకునేవాడు గేరు తగ్గిస్తాడు. అప్పుడు ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. గుద్దుకున్నప్పుడు కారు ఏ గేరులో ఉందో ఎవరైనా చూసి ఉంటే, సారు ఆపడానికి ప్రయత్నించాడో లేదో కొంత తెలిసేది. ఎవరూ చూడలేదు. లాగడానికి వచ్చిన క్రేను వాళ్లు రాగానే న్యూట్రల్ చేసేశారు.

మనిషిని మింగిన కారు కదా, ఎందుకు సార్ అని ఓనరుతో అన్నాను. ఆయన నవ్వేశాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూ పనిలోకి దిగాను.

ఆ కారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఒరిజినల్ సామాను దొరకదు. వేరేవాళ్లు చేసి అమ్మే డూప్లికేట్ సామానే దిక్కు. ఓనరు దాన్ని ఇంటర్నెట్‌లో ఆర్డరు పెట్టి ఇంగ్లాండు నుంచి తెప్పించాడు. పెట్టె విప్పితే అన్నీ తళతళ మెరిశాయి గానీ, బిగించబోతే ఒక్కటీ నేరుగా కూర్చోలేదు. వాషరు మందం ఎక్కువైతే అద్దం మీద ఎమెరీ కాగితం పరిచి రుద్ది పలచన చేశాను. గేరు మారేటప్పుడు వేగాలు కలిపే ఇత్తడి రింగులుంటాయి, అవి గేరు మీద పట్టకుండా జారాయి. గరుకు పేస్టు పూసి, చేత్తో తిప్పుతూ ఒక్కోదాన్ని దారికి తెచ్చాను. చివరికి మూత బిగించి లివరు కదిపితే నాలుగు గేర్లూ మెత్తగా పడ్డాయి. న్యూట్రల్‌లో పెట్టి, బల్ల మీద వదిలి ఇంటికి పోయాను.

పొద్దున వచ్చి చూస్తే నాలుగో గేరులో ఉంది.

నా దగ్గర పనిచేసే యాదయ్యను కేకలేశాను. అతను నాకంటే పెద్దవాడు, పిల్లల మీద ఒట్టు పెట్టి ముట్టలేదన్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఆ సాయంత్రం మళ్లీ న్యూట్రల్ చేసి, తాళంచెవి నేనే పట్టుకుపోయాను. మర్నాడూ నాలుగులోనే ఉంది.

గేరు జారకుండా లోపల ఒక చిన్న గోలీ, దాని వెనుక స్ప్రింగు పట్టి ఉంచుతాయి. డూప్లికేట్ స్ప్రింగు మెత్తగా ఉందేమోనని తీసేసి, గట్టిగా ఉన్న పాతదే వేశాను. నిజానికి స్ప్రింగు మెత్తగా ఉంటే గేరు జారి బయటికి రావచ్చు గానీ, దానంతటది లోపలికి పడదు. ఎవరో తోయాలి. అది తెలిసి కూడా మార్చాను, ఎందుకంటే ఏదో ఒకటి చేయాలి కదా. మర్నాడు మళ్లీ నాలుగే. ఎలుక అనుకుందామంటే, గేరు మార్చే ఎలుకను నేనింకా చూడలేదు.

ఆఖరికి న్యూట్రల్ చేసి, లివరే ఊడదీసి ఇంటికి తీసుకుపోయాను. లివరు లేకపోతే స్క్రూడ్రైవరు పెట్టి తోస్తే తప్ప గేరు పడదు. పొద్దున వచ్చి గేర్‌బాక్స్ ముందువైపు షాఫ్టు పట్టుకుని తిప్పాను. ముందుది ఎంత తిరిగితే వెనుకది అంతే తిరిగింది. అలా సమానంగా తిరిగేది నాలుగో గేరులోనే.

అది కదలడం ఒకటైతే, ప్రతిసారీ నాలుగులోకే పోవడం ఇంకొకటి. సారు నిద్రలోకి జారి ఉండొచ్చు, కళ్లు తిరిగి ఉండొచ్చు, నాలుగులో ఉన్నంత మాత్రాన చావాలనుకున్నట్టు కాదు. అలా నాకు నేనే ఎంత చెప్పుకున్నా మనసు ఊరి మాట వైపే మొగ్గింది. అనుమానం పెనుభూతం. నిజం చెప్పాలంటే ఆయన మీద కోపం కూడా వచ్చింది. పోయినవాడివి పోయావు, ఇప్పుడొచ్చి ఈ సంగతి నాకెందుకు చెబుతున్నావని ఆ ఇనుప డబ్బా ముందు నిలబడి తిట్టుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నమే శాంత టీచరు వచ్చింది. యాదయ్య ఊళ్లో లేడు, షెడ్డులో నేనొక్కణ్నే ఉన్నాను. కారు సామాను నా దగ్గరికి వచ్చిందని ఆమెకు ఎవరో చెప్పారట. స్టూలు వేస్తే కూర్చోలేదు. గేర్‌బాక్స్ వైపు ఒకసారి చూసి, తర్వాత నా వైపే చూస్తూ మాట్లాడింది.

"అన్నా, మీరు దాన్ని మొత్తం ఇప్పి చూసిండ్రు గద. ఆయన ఆపనీకి చూసిండా లేదా, అందుల ఏమన్న తెలుస్తదా?"

ఆమె చేతిలో బ్యాగు పట్టీని మెలిపెడుతూనే ఉంది.

"క్లాసుల ఎవరో అన్నరట నా బిడ్డతోని. డాడీ మనల్ని వద్దనుకొనే పోయిండా అమ్మా అని అడుగుతున్నది. అన్నం సరిగ తింటలేదు. నేనేం చెప్పాలె దానికి?"

మా పనిలో మార్చిన పాత సామానును గోనెసంచిలో వేసి బండితో పాటు ఓనరుకు అప్పగిస్తాం, నిజంగానే మార్చామని తెలియాలి కదా. ఆ సంచిలోవన్నీ నేను అంతకుముందే ఒక్కొక్కటిగా చూశాను. అరుగుదల తప్ప ఏ గుర్తూ లేదు. సెకండ్ గేరు రింగుకు మాత్రం రెండు మూడు పళ్లు విరిగి ఉన్నాయి. అందులో వింతేమీ లేదు. ఏ పాత కారులోనైనా ముందు పోయేది సెకండ్ రింగే.

సంచిలో చెయ్యి పెట్టి దాన్నే తీశాను. గుడ్డతో తుడిచి ఆమె చేతిలో పెట్టాను.

"ఇది సెకండ్ గేరు రింగు టీచరమ్మా. జోరు మీదున్న బండిని నాలుగుల నుంచి ఒక్కసారే రెండుకు గుంజితే పండ్లు ఇట్ల ఇరుగుతయి. సారు ఆపనీకి చూసిండు. ఆఖరుదాక చూసిండు."

ఆమె ఆ విరిగిన పళ్ల మీద వేలు పెట్టి నిమిరింది. దాన్ని తీసుకుపోవచ్చా అని అడిగింది. అది ఓనరుకు చెందాల్సిన సామాను. అయినా తీసుకుపొమ్మన్నాను. బ్యాగులో పెట్టుకుని బస్టాపుకు నడిచింది. అక్కడి అరుగు మీద కూర్చుంది. బస్సులు వచ్చి పోతున్నాయి గానీ ఆమె చాలాసేపు లేవలేదు. నేను పని చేస్తున్నట్టు పానా పట్టుకుని అటే చూస్తూ ఉండిపోయాను. నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం గేర్‌బాక్స్‌ను మళ్లీ న్యూట్రల్ చేసి, తాళం వేసి, లివరూ తాళంచెవీ తీసుకుని వెళ్లాను. టీచరుతో ఏమన్నానో మా ఇంట్లో కూడా చెప్పలేదు.

పొద్దున ముందువైపు షాఫ్టు పట్టుకుని తిప్పాను. వెనుకది తిరిగింది గానీ మెల్లగా తిరిగింది. చేతికి అలవాటైన లెక్క తప్పిందేమోనని మళ్లీ తిప్పాను. ముందుది రెండు చుట్లు తిరిగితే వెనుకది దాదాపు ఒక చుట్టు తిరుగుతోంది. నమ్మకం కుదరక మూత విప్పి చూశాను. సెకండ్ గేరులో ఉంది.

మూత ఇంకా నా చేతిలోనే ఉంది. యాదయ్య వచ్చి ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను. గేరును న్యూట్రల్‌కు తెచ్చి బిగించాను. ఆ తర్వాత అది ఒక్కసారి కూడా కదలలేదు. ఓనరు ఆ కారును ఇప్పటికీ ఆదివారాలు గండిపేట దాకా తిప్పుతాడు. గేర్ల గురించి ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు.

ఎలా జరిగిందని నన్నడిగితే చెప్పలేను. తెలిసిన కారణాలన్నీ ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టాక నా దగ్గర ఏమీ మిగల్లేదు.

శాంత టీచరు ఇప్పటికీ చేవెళ్ల బజారులో కనబడితే ఆగి పలకరిస్తుంది. ఆ రింగు బిడ్డ పుస్తకాల బల్ల మీదే ఉంటుందట. మీరు నిజం చెప్పబట్టే నా బిడ్డ మనిషయిందని ఒకసారి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ రోజు షెడ్డులో నేను అబద్ధమే చెప్పాను. సారు ఆ అబద్ధాన్ని విని, బిడ్డ కోసం తనూ ఒప్పుకున్నాడా, లేక అబద్ధం అనుకుంటూ నేను చెప్పిందే నిజమా, నాకు తెలియదు. ఆమెకు మాత్రం అవునమ్మా అని చెప్పి వచ్చాను.