పడగ్గదిలో లేచిన ప్రభ

రెండువేల తొమ్మిది శివరాత్రికి గల్ఫ్‌లోని సీబ్‌లో మా అద్దె ఫ్లాట్‌లో తిరునాళ్ల జరిగింది. నవ్వకండి, నిజంగానే జరిగింది.

పాప ఏడాది పిల్లగా ఉన్నప్పుడు జ్వరమొచ్చి ఆసుపత్రిలో కళ్లు తెరవకుండా పడుకుంది. బతికితే మా కొండ తిరునాళ్లకు ప్రభ కట్టిస్తానని మొక్కుకున్నాను. మా పల్నాటి వైపు ఊరూరి నుంచీ వెదురుతో బండి మీద కట్టి, రంగుల బట్టలతో, దీపాలతో అలంకరించిన ఆకాశమంత ప్రభలు కొండ కిందికి వస్తాయి. పాప బతికింది. కంపెనీ మాత్రం మా ఆయనకు ఆ ఏడూ సెలవివ్వలేదు, మరుసటేడూ ఇవ్వలేదు. పిల్ల ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, తీరని మొక్కు గుర్తొచ్చి నా పై ప్రాణాలు పైనే పోయేవి.

"ఇక్కడే కడతా" అన్నారు ఏసీలు బాగుచేసే మా ఆయన.

"దేవుడితో బొమ్మలాటేందండీ?" అని కసిరాను.

వింటేగా! డ్యూటీ నుంచి రాగానే ఖర్జూరపు మట్టలు చీరుతూ కూర్చునేవారు. చుట్టూ తిరునాళ్ల లేని ప్రభేమిటని హాలంతా బొమ్మ తిరునాళ్ల పరిచారు. పాత టేపురికార్డరు మోటారుతో రంగులరాట్నం, మృత్యుకూపంలా నూనె డబ్బాలో గిరగిరా తిరిగే బొమ్మ మోటార్‌సైకిల్, గోరంత గాజుల కొట్లు. పాప చెయ్యి పడకుండా ప్రభను మాత్రం పడగ్గదిలో చెక్క పలక మీద కట్టి నిలబెట్టారు. నా నడుమెత్తు ఉంది.

తీరా పండగ సాయంత్రం హాల్లోకి తెద్దామని చూస్తే ఆ పలక ద్వారం కంటే వెడల్పు.

"కాస్త పడుకోబెట్టి దాటిద్దామా?" అని నసిగారు.

"లేచిన ప్రభ ఒరిగితే అరిష్టం! మతి పోయిందా మీకు?" అని అరిచాను. బొమ్మలాట అన్నదాన్ని నేనే.

ఇక చేసేదేముంది, తిరునాళ్లనే మోసుకొచ్చి ప్రభ చుట్టూ పెట్టాం. కాలు పెట్టే చోటు లేక పాపను చంకనేసుకుని కుర్చీ ఎక్కాను. ఆయన స్విచ్ వేశారు. ప్రభ నిండా దీపాలు వెలిగాయి. రాట్నం కదిలింది, మోటార్‌సైకిల్ రయ్యిమంది. పాప రాట్నం వైపు చెయ్యి చాచింది.

చిన్నప్పుడు కొండ మెట్ల మీద నుంచి చూస్తే, కింద జనం మధ్య అంతంత ప్రభలూ ఇంతే కనిపించేవి. స్వామి ఉండేది ఆ కొండ మీదే కదా! ఆ స్వామి కంటికి ఏ ప్రభైనా ఇంతే.

ఏడుపు ఆగలేదు. పాప చేతులు రెండూ జోడించి పట్టుకుని, "స్వామీ, మేమొచ్చాం" అన్నాను.